పాటకు నాలుగో కర్త



ఒక పాట రికార్డుగా రూపొంది శ్రోత ఇంటికి చేరేసరికి దాని వెనుక కనీసం నలుగురి కృషి ఉంటుంది. సాహిత్యం రాసినవారు ఒకరు, స్వరం కట్టినవారు ఒకరు, పాడినవారు ఒకరు. ఈ ముగ్గురినీ లోకం ఎరుగును. నాలుగోవారి పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఆ పాటను ఎవరిచేత పాడించాలి, ఎంతసేపు పాడించాలి, ఏ వాద్యాలు పక్కన ఉండాలి, గాయకుడు మైకుకు ఎంత దూరంలో నిలవాలి, నాలుగైదుసార్లు పాడినదాంట్లో ఏది ఉంచి ఏది తీసేయాలి, చివరికి ఆ రికార్డు ఏ ధరకు ఏ ఊళ్లకు వెళ్లాలి అనే నిర్ణయాలు తీసుకునేది ఆ నాలుగో మనిషే. ఈ నిర్ణయాలన్నింటినీ కలిపి రికార్డు నిర్మాణం అంటారు. నేటి ప్రసంగం ఆ నిర్మాణం గురించి, సంగీత పరిశ్రమలో దాని స్థానం గురించి, ముఖ్యంగా బెంగళూరు నగరానికీ తెలుగు పాటకూ దానితో ఉన్న అనుబంధం గురించి.

ఒక విషయం మొదటే స్పష్టం చేసుకోవాలి. రికార్డు నిర్మాణంలో రెండు వేర్వేరు పనులు కలిసి ఉంటాయి. డబ్బు పెట్టి, బాధ్యత వహించి, రికార్డును మార్కెట్లోకి తేవడం ఒక పని. రికార్డింగు గదిలో కూర్చుని, ఆ పాట చెవికి ఎలా వినిపించాలో తీర్చిదిద్దడం రెండో పని. కొన్నిసార్లు ఈ రెండూ ఒకరే చేస్తారు, చాలాసార్లు ఇద్దరు చేస్తారు. డబ్బు బాధ్యత ఒకటి, వినికిడి బాధ్యత ఒకటి. ఈ రెండింటినీ గుర్తుంచుకుంటే మిగిలిన కథంతా సులభంగా అర్థమవుతుంది.

మన దేశంలో వాణిజ్యస్థాయిలో రికార్డింగు 1902లో మొదలైంది. లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు కలకత్తాకు వచ్చి, అక్కడి ఒక హోటలు గదిని రికార్డింగు గదిగా మార్చి, గౌహర్ జాన్ అనే ప్రసిద్ధ గాయనిచేత పాడించాడు. అప్పటికి మైకు లేదు, విద్యుత్తుతో పనిలేదు. గాయని ఒక పెద్ద బాకాలోకి నోరు పెట్టి బిగ్గరగా పాడితే, ఆ ధ్వని బాకా చివరనున్న పలుచని పొరను కదిలించేది, ఆ పొరకు అమర్చిన ముల్లు తిరుగుతున్న మైనపు పళ్లెం మీద గాడి గీసేది. ఆ మైనపు పళ్లేన్ని భద్రంగా ఓడలో జర్మనీలోని హనోవర్ నగరానికి పంపితే, అక్కడి కర్మాగారంలో దాని నుంచి లోహపు అచ్చు తీసి, ఆ అచ్చుతో రికార్డులు ముద్రించి, తిరిగి ఓడలో ఇండియాకు పంపేవారు. ఆ రికార్డుల తయారీకి కావలసిన లక్క ఎక్కువగా మన దేశపు అడవుల నుంచే వెళ్లేది. 1908లో కలకత్తాలోనే కర్మాగారం పెట్టిన తరువాత ఈ సముద్రయానం తగ్గింది.

గౌహర్ జాన్ తన పాట చివర తన పేరును ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. హనోవర్‌లో పనివారికి భారతీయ భాషలు రావు కనుక, ఏ అచ్చు ఎవరిదో పోల్చుకోవడానికి ఆ ఏర్పాటు. రికార్డింగు యంత్రాంగం కోసం చేసిన చిన్న ఏర్పాటు ఇది, కానీ ఆమె గొంతుతోపాటు ఆమె పేరునూ దేశమంతటా మోసుకుపోయింది. ఆ గౌహర్ జాన్ జీవితపు చివరి రోజులు గడిపింది మైసూరు సంస్థానంలోనే. 1928లో ఆమె మైసూరు ఆస్థాన కళాకారిణి అయింది, 1930లో మైసూరులోనే కన్నుమూసింది.

అదే మైసూరు సంస్థానంలో, నంజనగూడులో 1878లో పుట్టిన నాగరత్నమ్మ, బెంగళూరులో మునుస్వామప్ప వద్ద సంగీతం నేర్చుకుని, బెంగళూరు నాగరత్నమ్మగా ప్రసిద్ధి పొందింది. ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని 1910లో పరిష్కరించి ప్రచురించినది ఆమె, తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయం కట్టించినది కూడా ఆమె. ఈ రెండు సంగతులూ తెలుగువారికి తెలిసినవే. గ్రామఫోన్‌కు పాడిన దక్షిణాది విదుషీమణుల తొలి తరంలో కూడా ఆమె ఉన్నదన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. యంత్రంలోకి పాడితే గొంతు పోతుందనీ, ఆయుష్షు తగ్గుతుందనీ పెద్ద విద్వాంసులు కొందరు జంకిన కాలంలో, ముందుకు వచ్చి పాడినవారిలో ఎక్కువమంది దేవదాసీ కుటుంబాల స్త్రీలే. వారి ధైర్యం లేకపోతే ఆనాటి గానం ఎలా ఉండేదో ఈ తరానికి తెలిసే అవకాశం చాలా తక్కువ.

ఇక్కడ శ్రోతలు ఒక క్షణం ఆగి ఆలోచించవలసిన విషయం ఉంది. కచేరీలో ఒక త్యాగరాజ కృతిని అరగంట పాడవచ్చు. ముందు రాగాలాపన, తరువాత పల్లవి, అనుపల్లవి, చరణం, ఒక పాదం తీసుకుని నెరవు, ఆపైన స్వరకల్పన, మధ్యలో మృదంగానికి తని. కానీ పది అంగుళాల రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. అరగంట సంగీతం మూడు నిమిషాల్లోకి రావాలి. అందులో ఏది ఉంచాలి, ఏది వదలాలి? ఆలాపనను నాలుగు పట్లకు కుదించాలా? సంగతుల్లో రెండు తీసి ఒకటి ఉంచాలా? కాలాన్ని కొంచెం పెంచాలా? గడియారం చూస్తూ, గాయనికి వేలితో సైగ చేస్తూ, ఆ ప్రశ్నలకు అప్పటికప్పుడు జవాబు చెప్పినవాడే రికార్డింగు నిపుణుడు. రికార్డు నిర్మాణంలో మొట్టమొదటి నిర్ణయం కాలానికి సంబంధించినది. మళ్లీ చెప్పుకోవలసిన మాట ఇది: మొదటి నిర్ణయం కాలానిది. మన సినిమా పాట మూడున్నర, నాలుగు నిమిషాల కొలతకు అలవాటు పడటంలో ఆ పాత పళ్లెం వెడల్పు పాత్ర ఎంతో ఉంది.

రెండో నిర్ణయం దూరానిది. బాకా ముందు గాయని దగ్గరగా నిలవాలి, వయొలిన్ ఇంకొంచెం పక్కన, మృదంగం మరింత వెనుక. మృదంగం దగ్గరకు వస్తే దాని దెబ్బకు ముల్లు గాడి దాటిపోయేది. తంబుర నాదం బాకాకు దాదాపు అందేది కాదు. ఎవరు ఎంత దూరంలో కూర్చుంటే ఏ ధ్వని ఎంత వినిపిస్తుందో ఆ దూరంతోనే తూకం వేసేవారు. 1925 ప్రాంతంలో మైకు, విద్యుత్ రికార్డింగు వచ్చిన తరువాత ఈ బాధ తీరింది. బిగ్గరగా పాడనక్కరలేదు. మెల్లగా, మాట్లాడినట్టుగా పాడినా మైకు పట్టుకుంటుంది. రంగస్థలం మీద చివరి వరుసకు వినబడేలా పద్యం ఎత్తే గొంతులు రాజ్యమేలిన తెలుగునాట, లలితగీతం అనే ప్రక్రియకు చోటు దొరకడానికి మైకే ప్రధాన కారణం. రావు బాలసరస్వతీదేవి వంటి మృదువైన గొంతు దేశమంతటా వినబడిందంటే, ఆ గొంతుకు తగిన యంత్రం అప్పటికి వచ్చి ఉండటం వల్లనే.

యంత్రం వచ్చినంత మాత్రాన సరిపోదు. ఫలానా గొంతు రికార్డుకు పనికివస్తుందని నమ్మే మనిషి కావాలి. దీనికి తెలుగులో ఘంటసాల వేంకటేశ్వరరావును మించిన ఉదాహరణ దొరకదు. విజయనగరంలో సంగీతం అభ్యసించి మద్రాసు చేరిన ఘంటసాలకు అవకాశాలు వెంటనే రాలేదు. రికార్డులకు ఆయన గొంతు పనికిరాదన్న తిరస్కారమూ ఎదురైంది. ఆ తరువాత హెచ్.ఎం.వి. కంపెనీలో పనిచేస్తున్న పేకేటి శివరాం ఆ గొంతు మీద నమ్మకంతో ఆయనచేత రికార్డు పాడించారు. ఈ పేకేటి శివరాంను తెలుగు ప్రేక్షకులు నటుడిగా గుర్తుంచుకున్నారు. కన్నడ ప్రేక్షకులు దర్శకుడిగా గుర్తుంచుకున్నారు, ఎందుకంటే రాజ్‌కుమార్ నటించిన చక్రతీర్థ, కులగౌరవ, దారి తప్పిద మగ వంటి చిత్రాలకు ఆయనే దర్శకులు. కానీ తెలుగు సంగీత చరిత్రలో ఆయన చేసిన అతిపెద్ద పని, ఒక గొంతును విని సరేనని చెప్పడం. ఎవరిని మైకు ముందు నిలబెట్టాలన్నది రికార్డు నిర్మాణంలో మూడో నిర్ణయం. కాలం, దూరం, మనిషి. ఆ ఒక్క నిర్ణయం ఆ రోజు వ్యతిరేకంగానే ఉండిపోయి ఉంటే, తెలుగిళ్లలో తరువాతి తరాలు విన్న పుష్పవిలాపం గానీ, భగవద్గీత గానీ ఆ కంఠంలో ఉండేవి కావు.

భగవద్గీత గురించి ఒక మాట చెప్పుకోవాలి. అనారోగ్యంతో ఉన్న చివరి కాలంలో ఘంటసాల దానిని పాడారు. 1974 ఫిబ్రవరిలో ఆయన మరణించిన తరువాతనే అది శ్రోతలకు అందింది. పాడినవారు లేరు, పాట మాత్రం చేరింది. ఆయన పక్కన దశాబ్దాల తరబడి సహాయకులుగా, హార్మోనియం విద్వాంసులుగా ఉన్న పట్రాయని సంగీతరావు వంటివారి శ్రమ ఇలాంటి రికార్డుల్లో దాగి ఉంటుంది. సంగీత దర్శకుడు బాణీ కడితే, దానికి వాద్యాల అమరిక రాసి, వాద్యకారులకు స్వరాలు పంచి, గాయకులకు పాఠం చెప్పి, రికార్డింగు రోజున అందరినీ ఒక తాటి మీదకు తెచ్చేవారు సహాయకులు, అరేంజర్లు. పాశ్చాత్య దేశాల్లో రికార్డు నిర్మాత అనే ఒక్క వ్యక్తి చేసే పనిలో పెద్ద భాగాన్ని మన చిత్రసీమలో వీరే చేశారు. ఇంగ్లండులో బీటిల్స్ బృందానికి జార్జ్ మార్టిన్ ఈ పని చేశాడు. 1965లో వచ్చిన ‘యెస్టర్‌డే’ పాటకు డ్రమ్ములు వద్దు, నాలుగు తీగవాద్యాల బృందం చాలునని ఆయన చేసిన సూచన ఆ పాట స్వభావాన్నే నిర్ణయించింది. అక్కడ మార్టిన్ పేరు ప్రపంచానికి తెలిసింది. ఇక్కడ అదే స్థాయి పని చేసినవారి పేర్లు వారి తోటి వాద్యకారులకు మాత్రమే తెలిశాయి. ఇది సరిదిద్దవలసిన అన్యాయం.

గదిలో జరిగే పనిని ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకుందాం. ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పాడి రికార్డు చేస్తే దాన్ని టేకు అంటారు. పళ్లెం మీద నేరుగా గాడి గీసే రోజుల్లో, చివరి పాదంలో వయొలిన్ తప్పు పలికినా పాట మొత్తం మళ్లీ మొదటి నుంచి పాడవలసిందే. అయస్కాంత టేపు వచ్చిన తరువాత తప్పు దొర్లిన చోట టేపును కత్తిరించి, మంచి భాగాన్ని అతికించే వీలు కలిగింది. ఆ తరువాత ఒకే టేపు మీద పక్కపక్కనే అనేక దారులు వచ్చాయి. ఒక దారిలో గాత్రం, ఒక దారిలో తబలా, ఒక దారిలో వేణువు. ఈ దారులను ట్రాకులు అంటారు. గాత్రం ఒక రోజు, వేణువు మరో రోజు రికార్డు చేయవచ్చు. అన్నీ పూర్తయిన తరువాత ఏ ట్రాకు ఎంత వినిపించాలో సరిచూసి ఒక్కటిగా కలపడాన్ని మిక్సింగ్ అంటారు. అలా కలిపినదాన్ని రికార్డుకూ క్యాసెట్‌కూ ఫోనుకూ తగినట్టుగా చివరిసారి సవరించి, ప్రతులు తీయడానికి అసలు ప్రతిని సిద్ధం చేయడాన్ని మాస్టరింగ్ అంటారు. టేకు, ట్రాకు, మిక్సింగ్, మాస్టరింగ్: నాలుగే మాటలు. గాయకుడు ఇల్లు చేరిన తరువాత కూడా పాట తయారవుతూనే ఉంటుందన్నది ఈ నాలుగు మాటల సారం.

టేపుతోపాటు ఎల్.పి. రికార్డు వచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలు పట్టే పళ్లెం అది. కాలానికి ఉన్న కట్టు సడలింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్.పి.గా వచ్చిందంటే, సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం వరుసగా ఒకే రికార్డులో ఇమిడే వీలు అప్పటికి కలిగింది కనుకనే. మూడు నిమిషాల పళ్లెంలో అది సాధ్యం కాదు. ఆ రికార్డు రాయల్టీని, అంటే అమ్మకాల మీద కళాకారులకు వచ్చే వాటాను, ఆమె తిరుమల తిరుపతి దేవస్థానాల వేదపాఠశాలకు సమర్పించారు. బెంగళూరులో తెలుగు, కన్నడ, తమిళ కుటుంబాలు పక్కపక్కనే ఉండే మల్లేశ్వరం, బసవనగుడి వీధుల్లో తెల్లవారుజామున ఏ భాష ఇంటి నుంచి ఆ గొంతు వినబడుతోందో చెప్పడం కష్టం.

డబ్బు బాధ్యత, వినికిడి బాధ్యత అని మొదట చెప్పుకున్నాం. ఆ రెండింటికీ తోడు సంకల్పం కూడా ఉంటే ఎలాంటి రికార్డు వస్తుందో చెప్పడానికి బాలాజీ పంచరత్నమాల చక్కని ఉదాహరణ. 1970ల చివరలో దేవస్థానాల కార్యనిర్వహణాధికారిగా ఉన్న పి.వి.ఆర్.కె. ప్రసాద్, అన్నమాచార్య కీర్తనలు జనంలోకి వెళ్లాలని తలచి, సుబ్బులక్ష్మిచేత అయిదు ఎల్.పి. రికార్డులు పాడించే ఏర్పాటు చేశారు. అప్పటికి ఆవిడకు అరవై ఏళ్లు దాటాయి. ఆ వయసులో, తెలుగు మాతృభాష కాని ఆ విదుషీమణి, కొత్త కీర్తనలను ఒక్కొక్క అక్షరం ఉచ్చారణ సరిచూసుకుంటూ నేర్చుకున్నారు. నేదునూరి కృష్ణమూర్తి, కడయనల్లూర్ వెంకటరామన్ వంటివారు స్వరాలు కూర్చారు. రాగిరేకుల మీద శతాబ్దాలు నిద్రించిన సాహిత్యం ఇంటింటి పాటగా మారడానికి ఆ రికార్డులు ఎంతో దోహదం చేశాయి. ప్రసాద్ పాడలేదు, స్వరం కట్టలేదు, మైకు సర్దలేదు. ఏ పాటలు, ఎవరిచేత, ఎందుకోసం అన్న నిర్ణయం ఆయనది. అది రికార్డు నిర్మాణమే.

ఇక బెంగళూరు సంగతి. 1980ల దాకా కన్నడ సినిమా పాటలు చాలావరకు మద్రాసులో రికార్డయ్యేవి. తెలుగు పాటా అక్కడే, కన్నడ పాటా అక్కడే, తమిళ, మలయాళ పాటలూ అక్కడే. అవే స్టూడియోలు, అదే వాద్యబృందం, చాలాసార్లు అవే గొంతులు. గుంటూరు జిల్లాలో పుట్టిన ఎస్. జానకి, కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్, నెల్లూరు ప్రాంతంలో పుట్టిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కన్నడిగుల ఇంటి గొంతులయ్యారంటే, నాలుగు భాషల పాట ఒకే ఊళ్లో తయారవడం దానికి ముఖ్య కారణం. హైదరాబాదులో పుట్టిన సంగీత దర్శకుడు జి.కె. వెంకటేశ్ కన్నడ పాటకు పెద్ద దిక్కయ్యారన్నా అదే కారణం. అయితే బెంగళూరులో సినిమా తీసే నిర్మాతకు ప్రతి పాటకూ మద్రాసు ప్రయాణం తప్పేది కాదు. ఆ ఖర్చు, ఆ నిరీక్షణ చిన్న నిర్మాతలకు భారమయ్యాయి. నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ తన అన్న అనంత్ నాగ్‌తో కలిసి బెంగళూరులో సంకేత్ రికార్డింగు స్టూడియోను నెలకొల్పడానికి నేపథ్యం ఇది. 1990లో రోడ్డు ప్రమాదంలో చిన్న వయసులోనే ఆయన మరణించినా, పాట తయారీకి బెంగళూరు చాలునన్న ధైర్యాన్ని ఈ ఊరికి ఇచ్చి వెళ్లారు.

గది వచ్చింది. గదితోపాటు అంగడి కూడా రావాలి. అది క్యాసెట్ రూపంలో వచ్చింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో రూపొందించిన క్యాసెట్ 1980లలో మన దేశంలో వెల్లువగా విస్తరించింది. గ్రామఫోన్ రికార్డుకు పెద్ద కర్మాగారం కావాలి కనుక దశాబ్దాలపాటు ఒకటి రెండు పెద్ద కంపెనీల చేతుల్లోనే ఆ వ్యాపారం ఉండిపోయింది. క్యాసెట్‌కు అలాంటి కర్మాగారం అక్కరలేదు. కొద్దిపాటి పెట్టుబడితో ప్రతులు తీసే యంత్రాలు కొనుక్కుని, స్థానికంగా పాడించి, స్థానికంగా అమ్ముకోవచ్చు. దీనివల్ల హరికథ, బుర్రకథ, సురభి పద్యాలు, ఊరి దేవత పాటలు, భజనలు కూడా రికార్డుకు ఎక్కాయి. పెద్ద కంపెనీ లెక్కలో లాభసాటి కాని పాటకు చిన్న కంపెనీ లెక్కలో చోటు దొరికింది. దొంగ ప్రతుల బెడద కూడా ఆ వెల్లువతోనే వచ్చిందన్నది నిజమే. అయినా ఆ కాలం జనం పాటకు చేసిన మేలు చాలా పెద్దది.

ఆ వెల్లువలో బెంగళూరులో నిలదొక్కుకున్న సంస్థల్లో మనోహర్ నాయుడు స్థాపించిన లహరి ఒకటి. 1987లో రవిచంద్రన్ తీసిన ప్రేమలోక చిత్రానికి హంసలేఖ కూర్చిన పాటలను లహరి విడుదల చేసింది. చిత్రమంతా పాటల మీద నడిచే సాహసం అది. ఆ క్యాసెట్లు కన్నడనాట అంతకు ముందు ఎరగని స్థాయిలో అమ్ముడుపోయాయి, బెంగళూరు కంపెనీ ఒకటి మద్రాసు మార్కెట్‌తో పోటీ పడగలదన్న నమ్మకం కలిగింది. 1991లో మణిరత్నం తీసిన దళపతి చిత్రానికి ఇళయరాజా కూర్చిన పాటల హక్కులను లహరి భారీ మొత్తానికి తీసుకుంది. మరుసటి ఏడు రోజా వచ్చింది, అందులోనూ లహరి ఉంది. 2015లో తెలుగు బాహుబలి పాటలు, ఆ తరువాత ఆర్.ఆర్.ఆర్. పాటలు విడుదల చేసినవారిలోనూ బెంగళూరు లహరి ఉంది. 2023లో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు తెలుగునాట అందరూ రాసిన చంద్రబోస్‌ను, స్వరపరచిన కీరవాణిని, పాడిన రాహుల్ సిప్లిగంజ్‌ను, కాలభైరవను తలచుకున్నారు. ఆ పాటను జనంలోకి పంపిన సంస్థల్లో ఒకదాని కేంద్రం బెంగళూరన్నది చాలామందికి తట్టలేదు.

ఇలాంటి సంస్థ చేసే పని ఏమిటి? చిత్రం పూర్తికాకముందే, ఆ పాటలు జనానికి నచ్చుతాయో లేదో తెలియకముందే, హక్కుల కోసం డబ్బు చెల్లిస్తుంది. పాట నిలిస్తే లాభం, పోతే నష్టం. పాత పాటల భాండాగారం దాని అసలు ఆస్తి. ముప్ఫయి ఏళ్లనాటి పాట ఈ రోజు ఫోనులో ఎవరో విన్నా ఆ ఆస్తి కొంత పండుతుంది. అందుకే మాస్టర్ ఎవరిది అన్న ప్రశ్న పరిశ్రమలో అన్నిటికన్నా ముఖ్యమైనది. మాస్టర్ అంటే ప్రతులన్నిటికీ మూలమైన ఆ అసలు రికార్డింగు.

చట్టం ఈ ప్రశ్నకు ఏం చెబుతోందో సులభంగా చెప్పుకుందాం. పాటలో మూడు హక్కులు వేరువేరుగా ఉంటాయి. సాహిత్యం మీద కవికి, స్వరం మీద స్వరకర్తకు, రికార్డింగు మీద దాని నిర్మాతకు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం, రికార్డింగుకు చొరవ తీసుకుని బాధ్యత వహించినవారే దాని నిర్మాత, వారే దాని కర్త. ఆ హక్కు ప్రచురణ తరువాత అరవై ఏళ్లు నిలుస్తుంది. అయితే 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వల్ల, సినిమా కోసం డబ్బు తీసుకుని రాసిన పాట మీద, కట్టిన బాణీ మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, సినిమా నిర్మాతకే దక్కుతూ వచ్చింది. ఒక తరం కవులు, స్వరకర్తలు తమ పాట ఊరూరా మోగుతున్నా దాని ఆదాయంలో వాటా లేకుండానే వెళ్లిపోయారు. 2012 సవరణ ఆ లోపాన్ని కొంతవరకు తీర్చింది. ఇప్పుడు కవి, స్వరకర్త తమ రాయల్టీ హక్కును ఒప్పందంలో వదులుకున్నట్టు రాసినా చెల్లదు. కానీ గదిలో కూర్చుని ధ్వనిని తీర్చిదిద్దినవారి సంగతి? డబ్బు పెట్టి బాధ్యత వహించిన నిర్మాతకు చట్టంలో చోటుంది. వాద్యాలు అమర్చి మిక్సింగ్ చేసినవారికి అలాంటి ప్రత్యేక వాటా లేదు, ఒప్పందంలో ఏది రాసుకుంటే అదే. డబ్బు బాధ్యతకు రక్షణ ఉంది, వినికిడి బాధ్యతకు లేదు. ఈ తేడాను శ్రోతలు గమనించాలి.

ఈ రెండో పనికి ఎంత విలువ ఉందో చెప్పడానికి బెంగళూరులోనే ఒక ఉదాహరణ ఉంది. ఈ నగరంలో స్థిరపడిన సంగీతకారుడు రికీ కేజ్ దంతవైద్యం చదివి, సంగీతంలోకి వచ్చి, 2015లో దక్షిణాఫ్రికా వేణువాద్యకారుడు వౌటర్ కెల్లర్‌మన్‌తో కలిసి చేసిన ఆల్బంకు గ్రామీ పురస్కారం అందుకున్నారు. డ్రమ్ముల వాద్యకారుడు స్టూవర్ట్ కోప్లండ్‌తో కలిసి చేసిన డివైన్ టైడ్స్ అనే ఆల్బం 2022లో మరో గ్రామీ తెచ్చింది. విశేషం ఏమిటంటే, అదే ఆల్బంకు 2023లో ఇంకో విభాగంలో మళ్లీ గ్రామీ వచ్చింది. ఆ రెండోసారి గుర్తింపు పాటలకు కాదు. శ్రోత చుట్టూ, పైనా, వెనుకా ధ్వని వినబడేలా ఆ సంగీతాన్ని మలచిన తీరుకు వచ్చిన గుర్తింపు అది. బాకా ముందు మృదంగాన్ని ఎంత దూరం జరపాలన్న ఆనాటి ప్రశ్నే ఇప్పుడు కంప్యూటరులో, గది నలుమూలలా ధ్వనిని ఉంచే ప్రశ్నగా మారింది.

ఇంటి గదిలో ఒక కంప్యూటరు, ఒక మంచి మైకు ఉంటే ఈ రోజు బెంగళూరులో ఎవరైనా పాట రికార్డు చేయవచ్చు. కాలం ప్రశ్న మాత్రం తీరలేదు, రూపం మార్చుకుంది. స్పాటిఫై వంటి వేదికల్లో శ్రోత ముప్ఫయి సెకన్లు విన్న తరువాతే అది ఒక వినికిడిగా లెక్కకు వస్తుంది. అందుకని ఎత్తుగడ సంగీతాన్ని కుదించి, పల్లవిని ముందుకు తెచ్చే ఒత్తిడి నిర్మాతల మీద పెరుగుతోంది. ఈ ఒత్తిడికి అన్ని పాటలూ లొంగనక్కరలేదు. రాగం నెమ్మదిగా విప్పుకునే కీర్తనకు మొదటి ముప్ఫయి సెకన్లలో తంబుర శ్రుతి వినిపించడమే న్యాయం, ఆ పాట కోసం వచ్చిన శ్రోత ఆ మాత్రం ఓపిక పడతాడు.

బెంగళూరు జె.పి. నగర్‌లో 2019లో మొదలైన ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ అనే సంగీత ప్రదర్శనశాలలో గ్రామఫోన్ల కాలం నుంచి నేటిదాకా ఈ ప్రయాణాన్ని కళ్లారా చూడవచ్చు, చెవులారా వినవచ్చు. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలున్న కుటుంబాలు ఒకసారి వెళ్లి రావడం మంచిది.

వింటున్నవారిలో తమ పాటను, తమ ఇంట్లో అమ్మమ్మ పాడే మంగళహారతిని, ఊరి భజన బృందం కీర్తనను రికార్డు చేయించాలనుకునేవారు ఉండవచ్చు. అలాంటివారు స్టూడియోలో అడుగుపెట్టకముందే మూడు సంగతులు కాగితం మీద రాసుకోవాలి. మాస్టర్ ఎవరి సొంతం అన్నది ఒకటి. పాడినవారితోపాటు వాద్యాలు అమర్చినవారి పేరు, మిక్సింగ్ చేసినవారి పేరు ఎక్కడ ఎలా వేస్తారన్నది రెండోది. పని పూర్తయ్యాక విడివిడి ట్రాకుల ప్రతి తమకు ఇస్తారా లేదా అన్నది మూడోది. మళ్లీ చెప్పుకుందాం: మాస్టర్, పేర్లు, ట్రాకులు. మూడోదాన్ని చాలామంది అడగడం మరచిపోతారు. విడి ట్రాకులు చేతిలో ఉంటే పదేళ్ల తరువాత కొత్త పరికరాలతో గాత్రాన్ని మళ్లీ శుభ్రం చేసుకోవచ్చు, తబలా ఎక్కువైందనిపిస్తే తగ్గించుకోవచ్చు. కలిపేసిన ప్రతి ఒక్కటే మిగిలితే ఆ సవరణ చాలా కష్టం. ట్రాకుల ప్రతిని రెండు వేర్వేరు చోట్ల దాచుకోవాలి, ఎవరు ఎప్పుడు ఎక్కడ పాడారో, ఎవరు వాయించారో ఒక చిన్న పత్రం రాసి దానితోపాటు ఉంచాలి.